మనవారు తప్పు చేసినప్పుడు

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలోని పెద్దలకు 'సోవియట్ భూమి' పత్రిక గుర్తుండే ఉంటుంది. నున్నని కాగితం, రంగు రంగుల బొమ్మలు, చవక చందా. చదవడం అయిపోయాక ఆ పుటలే పిల్లల పుస్తకాలకు అట్టలయ్యేవి. ట్రాక్టరు నడిపే స్త్రీలు, కనుచూపు మేర గోధుమ చేలు, నవ్వుతున్న పసిపిల్లలు. మోకాలి లోతు బురదలో నాట్లు వేసే మన తల్లులకు ఆ బొమ్మలలోని దేశం మరొక లోకంలాగా కనిపించేది. అక్కడ జమీందారు లేడట, వడ్డీ వ్యాపారి లేడట అని చెప్పుకొనేవారు.

మన సంఘాలలో అనేక కుటుంబాలకు ఎర్రజెండా పరాయిది కాదు. ఆదివారం గుడిలో పాట ఎత్తుకొన్న గొంతే సోమవారం కూలి సంఘం ఊరేగింపులో నినాదమిచ్చేది. కూలి రేట్ల కోసం, బంజరు కోసం, చల్లపల్లి జమీందారీ భూముల కోసం ఈ డెల్టాలో జరిగిన పోరాటాలలో మన పేటలవారు ఉన్నారు. పేదవానికి గుప్పెడు నేల ఇప్పించాలని జైళ్ళకు వెళ్ళినవారిని మేము గౌరవంతోనే తలచుకొంటాము. వారిని ఎగతాళి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదని ముందుగా మనవి చేస్తున్నాము.

అయితే ఆ రంగుల అట్టల మీద ఎన్నడూ కనిపించని సంగతి ఒకటి ఉంది. 1968 ఆగస్టులో సోవియట్ యూనియన్ తన స్నేహ దేశమైన చెకోస్లొవేకియా మీదికి టాంకులు పంపింది. ఆ దేశం చేసిన నేరం ఏమిటి? తన ఇల్లు తానే చక్కదిద్దుకోబోవడం. ఆ రోజులలో ఎవరు ఏమి పలికారు, ఎవరు నోరు మూసుకొన్నారు అన్నది మన విశ్వాస జీవితానికి దగ్గరి సంగతి. పరాయివాని తప్పు ఎంచడం సులువు. మనవాడు తప్పు చేసినప్పుడు ఏమి చేయాలి? ఈ ప్రశ్న ప్రతి ఇంటికీ వస్తుంది, ప్రతి సంఘానికీ వస్తుంది.

లాకు తలుపు ఎవరి చేతిలో?

రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిసిన తరువాత పోలెండు, హంగరీ, చెకోస్లొవేకియా, రుమేనియా, బల్గేరియా, తూర్పు జర్మనీ దేశాలు సోవియట్ యూనియన్ నీడలోకి వచ్చాయి. వాటిని ఉపగ్రహ రాజ్యాలు అనేవారు. వాటికి సొంత జెండా ఉంది, సొంత పార్లమెంటు ఉంది, సొంత ప్రధానమంత్రి ఉన్నాడు. కాని పెద్ద నిర్ణయం ఏదైనా మాస్కో ఒప్పుకోవాలి.

డెల్టా రైతుకు ఇది తేలికగా అర్థమవుతుంది. కాలువ చివరనున్న శివారు రైతుకు పొలం తనదే, విత్తనం తనదే, చాకిరీ తనదే. ఎగువన లాకు తలుపు ఎత్తితేనే అతని చేలోకి నీరు. ఆ తలుపు ఎత్తే చెయ్యి మాస్కోలో ఉండేది. 1955లో కుదిరిన వార్సా ఒప్పందంతో ఆ దేశాల సైన్యాలు కూడా ఒకే కూటమి అయ్యాయి.

1956 నవంబరు 1న మన ఆంధ్రప్రదేశ్ అవతరించింది. ఇక్కడ మనము పండుగ చేసుకొంటున్న అదే రోజున హంగరీ రాజధాని బుడాపెస్టులో ఇమ్రె నాజ్ అనే ప్రధానమంత్రి తమ దేశం ఆ కూటమి నుండి తప్పుకొంటున్నదని ప్రకటించాడు. అతడు కూడా కమ్యూనిస్టే. మూడు రోజులకు, నవంబరు 4 తెల్లవారుజామున, సోవియట్ టాంకులు ఆ నగరంలోకి దూసుకువచ్చాయి. సుమారు 2,500 మంది హంగరీ పౌరులు చనిపోయారు. దాదాపు 2,00,000 మంది దేశం విడిచి పారిపోయారు. నాజ్‌ను 1958 జూన్ 16న ఉరి తీశారు. పన్నెండేళ్ళ తరువాత చెకోస్లొవేకియా వంతు వచ్చింది.

ఎనిమిది నెలల వెలుగు

1968 జనవరి 5న అలెగ్జాండర్ దుబ్చెక్ అనే స్లోవాక్ నాయకుడు ఆ దేశ కమ్యూనిస్టు పార్టీకి మొదటి కార్యదర్శి అయ్యాడు. అతడు పార్టీని కాదన్నవాడు కాడు, సమసమాజాన్ని వద్దన్నవాడు కాడు. సోషలిజానికి మనిషి ముఖం ఉండాలి అన్నాడు, అంతే. ఏప్రిల్‌లో పార్టీయే ఒక కార్యక్రమం ప్రకటించింది. మాట్లాడే స్వేచ్ఛ, ప్రయాణం చేసే స్వేచ్ఛ, అన్యాయంగా జైళ్ళలో మగ్గినవారికి న్యాయం అందులోని అంశాలు. జూన్‌లో పత్రికలపై సెన్సారు రద్దయింది. ఈ నెలలనే లోకం ప్రాగ్ వసంతం అని పిలిచింది.

ఇది సంఘాలకు ఎంత పెద్ద ఊరటో ఊహించండి. అక్కడ 1949లో చేసిన చట్టం ప్రకారం పాదిరిగారికి జీతం ఇచ్చేది ప్రభుత్వమే. ప్రభుత్వ అనుమతి పత్రం లేనిదే ఆయన ప్రసంగ పీఠం ఎక్కకూడదు. జీతం చేతిలో పెట్టి, నోటికి చిక్కం వేయడమన్నమాట. చిక్కం వేసిన ఎద్దు ధాన్యం తొక్కగలదు గాని గింజ నోట పెట్టలేదు. ఇరవై ఏళ్ళు అలా గడిపిన కాపరులు 1968లో కొంచెం గాలి పీల్చుకొన్నారు.

మాస్కోకు ఇది నచ్చలేదు. ఒక ఇంటి కిటికీ తెరిస్తే వీధిలోని ఇళ్ళన్నిటికీ గాలి తగులుతుందని భయపడింది. జూలై చివరన, ఆగస్టు మొదటి రోజులలో రెండు పక్షాల నాయకులు కూర్చొని మాట్లాడుకొన్నారు. నవ్వుతూ కౌగిలించుకొన్నారు. ఆ కౌగిలింత మూడు వారాలు కూడా నిలువలేదు.

ఆగస్టు 20 రాత్రి

1968 ఆగస్టు 20 రాత్రి, జనం నిద్రలో ఉండగా, సోవియట్ యూనియన్, పోలెండు, హంగరీ, బల్గేరియా సైన్యాలు సరిహద్దు దాటాయి. మొదటి దఫాలోనే సుమారు 2,00,000 మంది సైనికులు, 2,000 టాంకులు వచ్చాయి. ఆ కూటమిలోనిదే అయిన రుమేనియా మాత్రం ఈ పనిలో చెయ్యి కలపలేదు. తెల్లవారేసరికి దుబ్చెక్‌ను, అతని సహచరులను పట్టుకొని మాస్కోకు తరలించారు.

ప్రజలు తుపాకులు పట్టలేదు. వీధుల పేర్ల బోర్డులు పీకేశారు, ఇంటి నంబర్లు చెరిపేశారు. ఎవరిని అరెస్టు చేయాలో చీటీ చేతిలో ఉన్నా ఆ ఇల్లు ఎక్కడుందో సైనికునికి తెలియదు! పడుచువాళ్ళు టాంకుల దగ్గరికి వెళ్ళి ఆ సైనికులతోనే, మీరు ఎందుకు వచ్చారు అని రష్యన్ భాషలో వాదించారు. బడిలో వారికి నేర్పిన భాషే అది. అయినా ఆ సంవత్సరం ముగిసేలోపు వంద మందికి పైగా పౌరులు ప్రాణాలు కోల్పోయారు.

మాస్కోలో ఆ నాయకుల ముందు ఒక కాగితం పెట్టారు. సంస్కరణలు వెనక్కి తీసుకొంటాము, సైన్యం మా నేల మీద ఉండవచ్చు అని దాని సారాంశం. ఆగస్టు 26న అందరూ సంతకం చేశారు, ఫ్రాంతిషెక్ క్రీగెల్ అనే వైద్యుడు తప్ప. రాజు ఎదుట నాలుగు వందల మంది ప్రవక్తలు ఒకే మాట పలుకుతుండగా ఇమ్లా కుమారుడైన మీకాయా ఒంటరిగా నిలిచిన సంగతి మనకు తెలుసు. క్రీగెల్ భక్తుడు కాడు, కమ్యూనిస్టు. కాని ఆ రోజున మీకాయా నిలిచిన చోటనే అతడూ నిలిచాడు.

మన జిల్లాలో ఏమన్నారు?

ఇక మన ఊరి సంగతి. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. ఆ చీలిక కృష్ణా జిల్లాలో ఊళ్ళను, ఇళ్ళను కూడా చీల్చింది. అన్న ఒక పార్టీ, తమ్ముడు ఒక పార్టీ. 1968లో భారత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి చండ్ర రాజేశ్వరరావుగారు. ఆయన 1914లో మన కృష్ణా జిల్లాలోని మంగళాపురం గ్రామంలో పుట్టారు. కలిగిన రైతు కుటుంబంలో పుట్టి, వైద్య విద్య వదలుకొని, పేదల ఉద్యమంలోకి వచ్చిన మనిషి. మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పుచ్చలపల్లి సుందరయ్యగారు. పుట్టింది నెల్లూరు జిల్లాలోనైనా గన్నవరం నుండి శాసనసభకు ఎన్నికైన కారణంగా మన జిల్లావారికి ఆయన సొంత మనిషే. నిరాడంబరతకు పేరు పొందిన నాయకుడు.

అన్ని విషయాలలో తగవులాడుకొనే ఆ రెండు పార్టీలు ఈ ఒక్క విషయంలో ఒకే వైపు నిలిచాయి. సోషలిజాన్ని కాపాడడానికి ఆ సైన్యం వెళ్ళక తప్పలేదు అన్నాయి. భారత కమ్యూనిస్టు పార్టీలో కొందరు లోలోపల అభ్యంతరం చెప్పకపోలేదు గాని పార్టీ నిర్ణయం మాత్రం అదే. మన గట్ల మీద కష్టపడినవారు, సొంత లాభం చూసుకోనివారు, దొర పాలేరుపై చెయ్యి ఎత్తితే ఊరుకోనివారు, ఒక పెద్ద దేశం చిన్న దేశంపై చెయ్యి ఎత్తినప్పుడు దానిని ఎలా సమర్థించగలిగారు? వారు చెడ్డవారై కాదు. చేసినవాడు తమవాడు. తమవాని తప్పు బయట చెబితే శత్రువుకు బలం అవుతుందని అనుకొన్నారు. ఈ తర్కం మనకు తెలియనిదా?

ఢిల్లీ కూడా గట్టిగా మాట్లాడలేదు. ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో విచారం తెలిపారు గాని, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఆ దండయాత్రను ఖండించే తీర్మానం వచ్చినప్పుడు భారతదేశం ఓటు వేయకుండా తప్పుకొంది. అది నచ్చక కేంద్ర మంత్రి అశోక్ మెహతా పదవికి రాజీనామా చేశారు. కుర్చీ కంటే మాట పెద్దదని తలచినవారు అప్పుడూ ఉన్నారు.

ముసలి బోధకుని ఉత్తరం

ఇప్పుడు మేము చెప్పబోయేది మన సంఘాలవారు ముఖ్యంగా తెలుసుకోవలసిన మనిషి గురించి. యోసెఫ్ హ్రోమాద్కా చెక్ దేశపు ప్రొటెస్టెంటు వేదాంత పండితుడు. ఆయన సంఘం పేరు చెక్ సహోదరుల సువార్త సంఘం. లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలు 1918లో ఏకమై అది ఏర్పడింది. 1947లో మన దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన విధం తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది.

హిట్లరు కాలంలో హ్రోమాద్కా అమెరికా వెళ్ళి ప్రిన్స్‌టన్‌లో బోధించారు. యుద్ధం తరువాత 1947లో స్వదేశం చేరుకొన్నారు. మరుసటి ఏడాదే కమ్యూనిస్టులు అధికారం చేపట్టారు. ఆయన పారిపోలేదు. పేదవానికి న్యాయం చేస్తామనే ఈ మనుషులతో క్రైస్తవుడు మాట్లాడాలి, కలిసి పని చేయాలి అన్నారు. తూర్పు పడమరల క్రైస్తవులను శాంతి కోసం కలిపే క్రైస్తవ శాంతి మహాసభను 1958లో ప్రాగ్‌లో ప్రారంభించారు. సోవియట్ ప్రభుత్వం ఆయనకు లెనిన్ శాంతి బహుమానం ఇచ్చింది. 1956లో హంగరీపై టాంకులు వెళ్ళినప్పుడు కూడా ఆయన సోవియట్ పక్షమే మాట్లాడారు. అందుకు పడమటి దేశాల క్రైస్తవ మిత్రులు ఆయనను ఎంతో నిందించారు.

అలాంటి మనిషి 1968 ఆగస్టులో, దండు దిగిన రెండవ రోజుననే, ప్రాగ్‌లోని సోవియట్ రాయబారికి ఉత్తరం రాశారు. అప్పటికి ఆయన వయసు 79. తన జీవితంలో ఇంతకంటే పెద్ద విషాదం లేదని, సోవియట్ ప్రజల మీద తన ప్రజలకున్న ప్రేమ ఈ పనితో విరిగిపోయిందని, సైన్యాన్ని వెనక్కి పిలవమని రాశారు. పగవాడు రాసిన ఉత్తరమైతే రాయబారి చింపి పారేసి ఉండేవాడు. ఇది స్నేహితుని ఉత్తరం.

నాతాను దావీదుకు శత్రువు కాడు. రాజు నగరులో తిరిగే మనిషి, రాజు మేలు కోరేవాడు. అందుకే ఆ పేదవాని గొఱ్ఱెపిల్ల కథ దావీదు గుండెలో దిగింది. రెండవ సమూయేలు పన్నెండవ అధ్యాయం ఈ వెలుగులో మరొకసారి చదవండి. రాజును ప్రేమించేవాడే రాజుకు అద్దం పట్టాడు.

హ్రోమాద్కా ఆ మాటకు వెల చెల్లించారు. తాను స్థాపించిన శాంతి మహాసభలోనే ఆయనకు చోటు లేకుండా పోయింది. 1969 నవంబరులో అధ్యక్ష పదవి వదలుకొన్నారు. ఆ సంవత్సరమే, క్రిస్మసు మరునాడు, ప్రభువునందు నిద్రించారు.

బండిలో పసిబిడ్డ

మాస్కోలోనే మరొక సంగతి జరిగింది. ఆగస్టు 25 ఆదివారం మధ్యాహ్నం ఎనిమిది మంది ఎర్ర కూడలికి వెళ్ళి కింద కూర్చొని, చెకోస్లొవేకియాను వదలండి అని రాసిన గుడ్డలు పట్టుకొన్నారు. వారు రష్యా పౌరులు. తమ దేశం చేసిన పని తమ పేరున చేసింది కాదని చెప్పడానికి వెళ్ళారు. నతాలియా గోర్బనేవ్‌స్కయా అనే కవయిత్రి తన మూడు నెలల బిడ్డను తోపుడు బండిలో పడుకోబెట్టుకొని వెళ్ళింది. కొద్ది నిమిషాలలోనే పోలీసులు వచ్చి కొట్టి, ఈడ్చుకెళ్ళారు. కొందరిని దూర ప్రాంతాలకు వెళ్ళగొట్టారు, కొందరిని జైలుకు పంపారు. ఆ తల్లిని తరువాతి కాలంలో పిచ్చాసుపత్రిలో పెట్టారు. ఇరవై నాలుగు కోట్ల జనంలో ఎనిమిది మంది! కాని ఆ ఎనిమిది మంది వల్లనే, రష్యనులందరూ అలాంటివారే అనే మాట చెల్లకుండా పోయింది.

పడమటి దేశాలవారు నీతిమంతులని మేము చెప్పడం లేదు. అదే సంవత్సరంలో అమెరికా వియత్నాం మీద బాంబులు కురిపిస్తున్నది. అక్కడ కూడా ఒక పాదిరి తన ప్రభుత్వాన్నే తప్పుపట్టాడు. మార్టిన్ లూథర్ కింగ్ 1967 ఏప్రిల్ 4న న్యూయార్కులోని ఒక గుడిలో ఆ యుద్ధాన్ని ఖండించాడు. స్నేహితులే ఆయనను తప్పుపట్టారు. సరిగా ఏడాదికి ఆయన హత్యకు గురయ్యాడు.

సమాధి దగ్గర నిలిచిన కాపరి

సైన్యం వెళ్ళలేదు. ప్రజలు మెల్లగా అలసిపోసాగారు. 1969 జనవరి 16న యాన్ పాలఖ్ అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి, సెన్సారు ఎత్తివేయాలని కోరుతూ, ప్రాగ్ నడిబొడ్డున తన ఒంటికి నిప్పంటించుకొన్నాడు. మూడు రోజులకు చనిపోయాడు. అతడు చెక్ సహోదరుల సంఘపు బిడ్డ. ప్రాణం దేవుడిచ్చినది, దానిని మన చేతులతో తీసుకోరాదని మనము నమ్ముతాము, ఆ పనిని మేము సమర్థించము. కాని ఆ తల్లి దుఃఖాన్ని ఎవరు కాదనగలరు?

అతని భూస్థాపన జరిపించింది యాకుబ్ ట్రోయాన్ అనే పాదిరిగారు. వేలాది మంది మౌనంగా నడిచారు. ప్రభుత్వానికి నచ్చదని తెలిసీ ఆ కాపరి తన మందలోని బిడ్డ సమాధి దగ్గర నిలబడ్డాడు. ఆ తరువాత ఆయన అనుమతి పత్రం పోయింది, ప్రసంగ పీఠం పోయింది. పాలఖ్ సమాధి దగ్గరికి జనం రావడం ఆగకపోయేసరికి 1973లో అధికారులు శవాన్ని తవ్వి తీసి దహనం చేయించారు.

1969 ఏప్రిల్‌లో దుబ్చెక్‌ను తొలగించారు. పార్టీ నుండి వెళ్ళగొట్టాక అటవీ శాఖలో చిన్న ఉద్యోగం చేసుకొంటూ బతికాడు. ఇరవై ఏళ్ళు గడిచాయి. 1989 నవంబరులో ప్రాగ్ వీధులు మళ్ళీ నిండాయి. ఈసారి టాంకులు రాలేదు. డిసెంబరులో దుబ్చెక్ పార్లమెంటు అధ్యక్షుడయ్యాడు. అదే నెలలో, 1968లో దండెత్తిన దేశాలు తాము చేసింది తప్పని తామే ప్రకటించాయి. సోవియట్ సైన్యంలో చివరి సైనికుడు 1991 జూన్‌లో వెళ్ళిపోయాడు.

బందరు కోర్టులో ముద్దాయే లేచి, అయ్యా, తప్పు నాదే అని ఒప్పుకొంటే, అప్పటిదాకా అతని తరఫున వాదించిన ప్లీడరు ఏమి చేస్తాడు? ఇరవై ఏళ్ళు ఆ దండయాత్రను సమర్థించినవారు అలాంటి స్థితిలో పడ్డారు. తమవానిని కాపాడుతున్నామనుకొని తమ మాట విలువనే పోగొట్టుకొన్నారు.

ఇక మన సంగతి

శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. పార్టీలవారిని ఇంతగా అడిగిన మనము మన గుడి లోపలికి కూడా చూడాలి. ఆ ప్రాగ్ నగరంలోనే సత్యం బోధించిన జాన్ హస్‌ను, క్షేమంగా రావచ్చని రాజు మాట ఇచ్చి పిలిపించినా, 1415 జూలై 6న సజీవంగా దహనం చేయించింది క్రైస్తవ మహాసభే. ఆ దేశ అధ్యక్షుని పతాకం మీద ఉండే మాటకు అర్థం సత్యం జయిస్తుంది అని. మన దేశ చిహ్నం కింద ఉన్న మాటకూ అర్థం అదే. జెండాపై రాసుకోవడం తేలిక. మనవాని ఎదుట నిలబడి చెప్పడం కష్టం.

సంఘ కమిటీలో లెక్క తేలకపోతే, మనవాడే కదా అని ఊరుకొంటామా? పంచాయతీ ఎన్నికలలో మన పార్టీవారు సారా పంచితే అది ప్రచారం, ఎదుటివారు పంచితే పాపమా? మన కుమారుడు కోడలిపై చెయ్యి ఎత్తితే, పెద్ద కులంవాడు మన పేటవారిని అవమానించినప్పుడు వచ్చిన కోపం అప్పుడు కూడా వస్తుందా? పెద్ద దేశం చిన్న దేశంపై చేసినదే బలమైనవాడు బలహీనునిపై ఇంటిలో, వీధిలో, గుడిలో చేస్తున్నాడు. మనము మౌనంగా ఉన్న ప్రతిసారీ మరొక టాంకుకు దారి ఇచ్చినట్టే.

తప్పు చెప్పడమంటే వీధిన పెట్టడం కాదు. ఆ ముసలి బోధకుడు రాయబారికే రాశాడు, ప్రేమతో రాశాడు, దాచకుండా రాశాడు. నాతాను రాజు ముఖాముఖిగానే పలికాడు. ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో నాతాను కథ పిల్లలతో చదివించండి. మనవారిలో ఎవరితో ఏ మాట చెప్పకుండా ఎంతకాలంగా దాటవేస్తున్నామో ప్రతివారూ దేవుని సన్నిధిలో ఆలోచించండి. ఆ మాట చెప్పడానికి ధైర్యము, చెప్పే తీరులో ప్రేమ, మనకు ఎవరైనా చెప్పినప్పుడు వినే చెవి ప్రభువు మనందరికీ దయచేయును గాక.